ముంపు జాబితాలో లేని ఊళ్లు: ఒక జలవిద్యుత్ ఆనకట్ట దిగువన ఏం జరిగింది

ఈ కేసులో నది పేరు, దేశం పేరు, నిర్మించిన సంస్థ పేరు రాయడం లేదు. ఊళ్లను మొదటి రేవు, రెండో రేవు, మూడో రేవు అని మాత్రమే పిలుస్తాను. గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలు కొన్ని తీసేశాను. ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో, అందులో ఏది తప్పిందో మాత్రం ఉన్నదున్నట్టు రాశాను.

నా పని పునరావాసం, సామాజిక ప్రభావ అంచనా. ఆనకట్ట పనికి వెళ్లగానే మా చేతికిచ్చేది ఒక పటం. దాని మీద జలాశయం పూర్తి నీటిమట్టం గీసి ఉంటుంది. గీతకు లోపల ఇల్లో పొలమో ఉన్నవాళ్లు నిర్వాసితులు. సర్వే, గ్రామసభలు, పరిహారం లెక్క, కొత్త కాలనీ అన్నీ ఆ గీత చుట్టూనే తిరుగుతాయి. ఈ కేసులో కష్టం గీత లోపల రాలేదు. ఆనకట్టకు దిగువన వచ్చింది.

నేపథ్యం

అది ఇరుకు లోయలో కట్టిన ఎత్తైన కాంక్రీటు ఆనకట్ట. విద్యుత్ కేంద్రం దాని పాదం దగ్గరే. వానాకాలంలో పొంగి, ఆ తర్వాత నెలల తరబడి మెల్లగా తగ్గే నది అది. పొంగినప్పటి నీళ్లను జలాశయంలో పట్టి ఉంచి, సాయంత్రం కరెంటు వాడకం ఎక్కువగా ఉండే గంటల్లో టర్బైన్లు తిప్పడం ప్రాజెక్టు ఉద్దేశం. దీన్నే పీకింగ్ అంటారు. జలవిద్యుత్తుకు ఉన్న పెద్ద బలం ఇదే. బొగ్గు కేంద్రం వేడెక్కి పూర్తి సామర్థ్యానికి రావడానికి గంటలు పడుతుంది, నీటి టర్బైన్‌కు నిమిషాలు చాలు. ఆ నిమిషాల వేగమే దిగువన ఉన్నవాళ్ల మీద ఎలా పడిందో ముందు ముందు చెబుతాను.

ఎగువన మేం చేసిన పని గురించి ఎక్కువ రాయను. లోపాలున్నా అక్కడ ఒక ప్రణాళిక ఉంది. నిర్వాసితుల సమస్యలను అధ్యయనం చేసిన సామాజిక శాస్త్రవేత్త మైకేల్ సెర్నియా చెప్పిన ఎనిమిది ప్రమాదాలను (భూమి పోవడం, పని పోవడం, ఇల్లు పోవడం, సమాజంలో అంచుకు నెట్టివేయబడటం, తిండికి కరువు, జబ్బులు, ఉమ్మడి వనరులు దూరమవడం, ఊరి బంధాలు తెగిపోవడం) కాగితం మీద పెట్టుకుని, కుటుంబం కుటుంబానికీ చూశాం. ఇళ్లు వచ్చాయి. భూమికి భూమి చాలామందికి వచ్చింది. ఉమ్మడి వనరుల విషయంలో ఓడిపోయాం, అది వేరే కేసు.

దిగువ గురించి పర్యావరణ నివేదికలో ఉన్నది రెండు పేజీలు. వరద ఉధృతి తగ్గుతుందని, ఎండాకాలంలో నదిలో నీళ్లు పెరుగుతాయని, కాబట్టి ప్రభావం మొత్తం మీద మంచిదేనని వాటి సారం. ఆ నివేదిక సామాజిక భాగం సమీక్షించిన వాళ్లలో నేనూ ఉన్నాను. ఆ రెండు పేజీలు చదివాను, అభ్యంతరం రాయలేదు. ఎండాకాలంలో నీళ్లు పెరిగితే ఎవరికి నష్టం అనిపించింది. ఎవరికి నష్టమో అడగడానికి నేను దిగువకు ఒక్కసారి కూడా వెళ్లలేదు.

ఇది నా ఒక్కడి పొరపాటైతే ఇంత రాయనక్కర్లేదు. ప్రపంచ ఆనకట్టల కమిషన్ 2000 నవంబరులో ఇచ్చిన నివేదిక పెద్ద ఆనకట్టల వల్ల 4 నుంచి 8 కోట్ల మంది నిర్వాసితులయ్యారని అంచనా కట్టింది. ఈ సంఖ్య అందరికీ తెలుసు. 2010లో వెలువడిన ఒక అధ్యయనం, ఆనకట్టల దిగువన ఉండి నది మీద ఆధారపడిన జీవితాలు దెబ్బతినే అవకాశం ఉన్నవాళ్లు 47 కోట్ల 20 లక్షల మంది ఉండవచ్చని చెప్పింది. ఈ రెండో సంఖ్య మా వృత్తిలోనే చాలామందికి తెలియదు.

వచ్చిన సమస్య

టర్బైన్లు తిరగడం మొదలైన రెండో ఎండాకాలంలో నన్ను మళ్లీ పిలిచారు. రెండో రేవు దగ్గర నది మధ్య ఇసుక మేట మీద కొందరు ఆడవాళ్లు, పిల్లలు ఒక రాత్రంతా చిక్కుకుపోయారు. పొద్దున మోకాలి లోతు నీళ్లలో నడిచి వెళ్లారు. చీకటి పడే వేళ తిరిగి వద్దామంటే పాయ మనిషి లోతు దాటి ఉంది. ప్రాణాలు దక్కాయి. అధికారులు దాన్ని భద్రత సమస్యగా చూసి, హెచ్చరిక ఏర్పాట్లు ఎలా ఉన్నాయో చూసి రమ్మన్నారు.

నేను వెళ్లి అడిగిన మొదటి ప్రశ్న, నది మధ్యకు ఎందుకు వెళ్లారని. ఆ ప్రశ్నకు వచ్చిన జవాబుతోనే ఈ కేసు అసలు రూపం బయటపడింది.

వరద తగ్గుతున్న కొద్దీ ఒడ్డు వెంట, నది మధ్య ఒండ్రు మేటలు ఒక్కొక్కటిగా తేలేవి. తేలిన తడి మేట మీద వెంటనే విత్తనం వేసేవాళ్లు. దున్నడం లేదు, ఎరువు లేదు, తడి పెట్టడం లేదు. నది మరో మెట్టు దిగితే మరో వరస పాదులు. ఎండాకాలం నాలుగు నెలలూ ఇంటికి కూర, చేతికి కాస్త డబ్బు అక్కడినుంచే. ఆ నేలకు పట్టా లేదు, అది నది పోరంబోకు. ఏ మేట ఎవరిదో ఏడాదికోసారి చీట్లు వేసి పంచుకునేవాళ్లు. సాగు చేసేది దాదాపు అంతా ఆడవాళ్లే. సొంత పొలం లేని ఇళ్లకు అదే పొలం.

ఆనకట్ట వచ్చాక నది దిగడం మానేసింది. పగలు కాలువంత సన్నబడుతుంది, సాయంత్రం పెరుగుతుంది, తెల్లారేసరికి మళ్లీ సన్నబడుతుంది. మేట తేలిందని విత్తితే ఆ రాత్రే మునుగుతుంది. రోజూ తడిసి ఆరే ఒడ్డు కోసుకుపోయి నీళ్లలోకి జారుతోంది. ఆ ఆడవాళ్లు ఆ రోజు వెళ్లింది నది మధ్య మిగిలిన ఒకే ఒక్క ఎత్తు మేట మీదికి. ఒడ్డున వేసుకునే చోటు ఉండి ఉంటే అంత దూరం వెళ్లేవాళ్లే కాదు.

చేపలవాళ్లు ఇంకో మాట చెప్పారు. నీళ్లు ఉన్నట్టుండి తగ్గినప్పుడు గుంటల్లో చేపపిల్లలు మిగిలిపోయి ఎండకు చస్తున్నాయి. నీళ్లు కుళ్లిన గుడ్డు వాసన వేస్తున్నాయి, ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటున్నాయి. ఈ వాసన మాట విని నాకు భయమేసింది. లోతైన జలాశయంలో ఎండాకాలం నీళ్లు పొరలుగా విడిపోతాయి. వెచ్చని నీళ్లు పైన, చల్లనివి అడుగున. మునిగిన చెట్టూ చేమా అడుగున కుళ్లుతూ అక్కడి ఆక్సిజన్‌ను తినేస్తాయి. టర్బైన్‌కు నీళ్లు తీసే తూము లోతున ఉంటే నదిలోకి వచ్చేది ఆ నిర్జీవమైన నీరే. వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. నింపకముందు అడవిని పూర్తిగా నరికి తీయాలని నివేదికలో ఉంది. నింపే తేదీ ముందుకు జరిగింది, నరకడం సగంలో ఆగింది.

మొదట చేసినవి, అవి ఎందుకు పనిచేయలేదు

సైరన్లతో మొదలుపెట్టాం. నన్ను పిలిచిందే దానికి కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేదు. అప్పటికే ఆనకట్ట దగ్గర ఒక సైరన్ ఉంది, కానీ దాన్ని స్పిల్‌వే (వరద నీళ్లు వదిలే దారి) గేట్లకు కలిపారు. గేటు లేస్తే మోగుతుంది. ఎండాకాలంలో గేట్లు లేవవు, నీళ్లు వచ్చేది టర్బైన్ల గుండా. అంటే రోజూ వచ్చే ప్రమాదానికి అది ఎప్పుడూ మోగదు. టర్బైన్లకూ కలిపించి, మూడు రేవుల్లోనూ కొత్తవి పెట్టించాం.

నెల తిరక్కముందే జనం వాటిని పట్టించుకోవడం మానేశారు. రోజూ మోగేదాన్ని ఎవరూ హెచ్చరికగా తీసుకోరు. పైగా ఆనకట్ట దగ్గర వదిలిన నీళ్లు మొదటి రేవుకు సాయంత్రం, రెండో రేవుకు చీకటి పడ్డాక, మూడో రేవుకు అర్ధరాత్రి చేరతాయి. మూడింటిలో సైరన్ ఒకేసారి మోగేది. మూడో రేవులో మోగిన చాలాసేపటిదాకా ఏమీ జరగదు. అబద్ధం చెబుతోందని వాళ్లు అనుకోవడంలో తప్పేముంది?

సైరన్లు వద్దని నేను అనడం లేదు. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలో లార్జీ ప్రాజెక్టు నుంచి వదిలిన నీళ్లకు, విహారయాత్రకు వెళ్లిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు. తెలుగు పాఠకులు ఆ రోజును మరిచిపోలేరు. నది అలవాటు తెలియని కొత్తవాళ్లకు సైరన్, బోర్డు, కాపలా మనిషి తప్పనిసరి. కానీ నదిలో బతికేవాళ్లకు రోజూ పక్కకు తప్పుకో అని చెప్పడం వాళ్ల బతుకును తప్పుకోమనడమే. ఆ తేడా నాకు సైరన్లు పెట్టించాకే తెలిసింది.

తర్వాత కనీస ప్రవాహం సంగతి పట్టుకున్నాం. నదిలో ఏడాది సగటు ప్రవాహంలో పదో వంతు ఎప్పుడూ వదలాలని అనుమతి పత్రంలో షరతు ఉంది. ఈ పదో వంతు లెక్క 1976లో టెనెంట్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ప్రతిపాదించిన పద్ధతి నుంచి ప్రపంచమంతా పాకింది. చేపలు కొద్ది కాలం ప్రాణంతో మిగలడానికి అది అట్టడుగు హద్దని, బాగుండాలంటే అంతకు మూడింతలు కావాలని ఆ పద్ధతిలోనే ఉంది. అనుమతి పత్రాల్లోకి ఎక్కేది అట్టడుగు హద్దు మాత్రమే. షరతు పాటిస్తున్నారా అని రికార్డులు అడిగాను. రోజువారీ సగటు ప్రవాహాల పట్టిక ఇచ్చారు. ప్రతి రోజూ షరతుకు పైనే ఉంది. కాగితం మీద ఒక్క రోజు కూడా తప్పు లేదు.

ఆ పట్టిక పట్టుకుని రేవుకు తిరిగి వెళ్లాను. నది పట్టికలో చెప్పినట్టు లేదు. ఈ కేసులో నేను ఎక్కువ కాలం చిక్కుకుపోయింది ఇక్కడే. లెక్క తప్పయినా కావాలి, జనం మాట తప్పయినా కావాలి అనుకున్నాను. రెండూ నిజమే కావచ్చని తట్టడానికి చాలా రోజులు పట్టింది.

ఈలోగా సంస్థ తనకు తోచిన సాయం చేసింది. జలాశయంలో చేపపిల్లలు వదిలి, దిగువ చేపలవాళ్లకు అక్కడ పట్టుకునే హక్కు ఇచ్చింది. కొత్త జలాశయంలో మొదటి కొన్నేళ్లు చేపలు విపరీతంగా పెరుగుతాయి, మునిగిన నేల పోషకాలు తరిగేకొద్దీ తగ్గిపోతాయి. ఇది చాలా చోట్ల చూసినదే. మా వాళ్లకు ఆ మొదటి మంచి ఏళ్లు కూడా దక్కలేదు. వాళ్ల పడవలు పారే నదికి సరిపోయే చిన్నవి, వలలు లోతు తక్కువ నీళ్లవి. జలాశయంలో గాలివానకు ఆ పడవలు ఆగవు. నరకకుండా వదిలేసిన చెట్లకు చిక్కి వలలు చిరిగాయి. పెద్ద పడవలున్న బయటివాళ్లు వచ్చి పట్టుకుపోయారు.

ఆ తర్వాత నగదు. దీన్ని సూచించింది నేనే కాబట్టి జవాబుదారీ నాదే. దిగువ బాధితుల జాబితా తయారు చేసి, ఒకసారి నష్టపరిహారం ఇద్దామన్నాను. జాబితాకు ఆధారం కావాలి అన్నారు. ఆధారం అంటే పట్టా. ఒడ్డున పట్టా భూమి ఉండి, అది కోతకు గురైన రైతులకు డబ్బు వచ్చింది. మేటల మీద సాగు చేసిన ఆడవాళ్ల దగ్గర కాగితమే లేదు. చీట్లు వేసి ఏటా మారే నేలకు కాగితం ఎక్కడినుంచి వస్తుంది? చివరికి ఇంటి పెద్దల పేర్లతో కొంత ఇచ్చారు. డబ్బు మగవాళ్ల చేతికి వెళ్లింది, సాగు పోయినవాళ్లకు దాదాపు ఏమీ రాలేదు.

అప్పుడే వోల్టా నది గుర్తొచ్చింది. 1960లలో ఘనాలో అకొసొంబో ఆనకట్ట నిండినప్పుడు జలాశయం కింద సుమారు 80 వేల మంది ఇళ్లు పోయాయి. ఆ కథ పుస్తకాల్లో ఉంది. దిగువన నది అడుగున ఆల్చిప్పలు ఏరి బతికే ఆడవాళ్ల జీవనాధారం దెబ్బతిన్న కథ చాలా తక్కువగా వినిపిస్తుంది. నేను దాని మీద వ్యాసం చదివి, పాఠాల్లో చెప్పి కూడా, నా కేసులో అదే తప్పు చేశాను. ఊరి ఆడవాళ్లతో విడిగా కూర్చోకముందే జాబితా ఖాయం చేయించాను.

దారి మారిన చోటు

రెండో రేవు పడవ మనిషి ఒక గుంజ పాతి, దానికి జానెడుకో గాటు పెట్టుకున్నాడు. నీళ్లు ఏ గాటు దగ్గరున్నాయో చూసి పడవ కట్టేచోటు మార్చుకునేవాడు. మేం అడిగింది ఒక్కటే, ఆ గాటు సంఖ్యను గంటగంటకూ ఒక నోటు పుస్తకంలో రాయమని. ముగ్గురు వంతులవారీగా రాశారు, రాత్రి వంతు కూడా. తర్వాత మిగతా రెండు రేవుల్లోనూ గుంజలు పాతారు.

ఆ పుస్తకానికి ఎదురుగా పెట్టడానికి గంటవారీ ప్రవాహం కావాలి. అది కొలవడం లేదన్నారు. కానీ గంటవారీ విద్యుదుత్పత్తి కచ్చితంగా రాస్తారు, అది అమ్మే సరుకు కాబట్టి. ఉత్పత్తి తెలిస్తే నీళ్లు తెలిసినట్టే. వంద మీటర్ల ఎత్తు నుంచి పడే నీటితో ఒక మెగావాటు తీయాలంటే, యంత్రాల సామర్థ్యం 90 శాతం అనుకుంటే, సెకనుకు సుమారు 1.13 ఘనపు మీటర్ల నీరు కావాలి. వంద మెగావాట్లు ఎక్కితే 113 ఘనపు మీటర్లు. దాన్ని నాలుగు గంటలు నడిపి ఆపేశారనుకోండి. రోజంతటికీ సగటు కడితే సెకనుకు 19 ఘనపు మీటర్లు కూడా ఉండదు. (ఇవి వివరించడానికి తీసుకున్న గుండ్రటి అంకెలు, కేసులోవి కావు.) పట్టికలో కనిపించేది ఆ 19. రేవులో నిలబడ్డ మనిషి మీదికి వచ్చేది 113. మిగతా ఇరవై గంటలూ నదిలో ఉండేది దాదాపు సున్నా. షరతు పాటించారన్నదీ నిజమే, నది చచ్చిందన్నదీ నిజమే.

గుంజ పుస్తకాన్ని, ఉత్పత్తి లెక్కను ఒకే కాగితం మీద గీశాం. నీళ్లు చేరే సమయం సర్దితే రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. ప్రాజెక్టు ఇంజనీర్లకు ఆ కాగితం చూపిన రోజు తర్వాత వాదన మారిపోయింది. అంతకుముందు జనం ఫిర్యాదు, సంస్థ ఖండన. ఇప్పుడు ఇద్దరి ముందూ ఉన్నది సంస్థ సొంత లెక్కే. వాళ్లలో ఒకాయన ఆ కాగితం చాలాసేపు చూసి, తాను రోజూ ఎక్కించే మెగావాట్లు రేవులో ఏ లోతవుతాయో ఎప్పుడూ లెక్క కట్టలేదని ఒప్పుకున్నాడు. ఆయన మాట దాచకుండా చెప్పడం మాకు ఎంతో మేలు చేసింది.

పనిచేసినవి

వచ్చిన నీళ్లు వచ్చినట్టే వదిలేయండి, నిల్వ చేయకండి అన్నది ఊళ్ల మొదటి డిమాండ్. న్యాయంగా చూస్తే దాంట్లో తప్పు లేదు. కానీ ఒప్పుకుంటే సాయంత్రపు కరెంటు లేదు, సంస్థ ఒప్పుకోదు, కోర్టులో ఏళ్లు పడతాయి, ఆలోగా ఇంకొందరు మేటల మీద చిక్కుకుంటారు. కాబట్టి ప్రశ్నను మార్చాం. నదికి ఎక్కువ హాని చేస్తున్నది ఎంత నీరు అన్నదా, ఎంత వేగంగా మారుతోంది అన్నదా? మూడు గుంజల పుస్తకాలూ వేగమే అన్నాయి. ఇందులో మేం కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. స్విట్జర్లాండ్ 2011లో చట్టం మార్చి, జలవిద్యుత్ కేంద్రాలు ఇలాంటి హెచ్చుతగ్గుల నష్టాన్ని 2030 నాటికి సరిదిద్దాలని గడువు పెట్టింది. ఆ ఉదాహరణ దగ్గరుండటం వల్ల మేం అడిగింది గొంతెమ్మ కోరికలా కనబడలేదు.

ఒక ఎండాకాలం పరీక్షగా మూడు మార్పులు అడిగాం. ముందుగా ఒక టర్బైన్‌ను తక్కువ లోడుతో అరగంట నడపాలి, నీళ్లు చీలమండ దాకా వచ్చి మనిషికి తెలియాలి, ఆ తర్వాతే మిగతావి. హెచ్చరిక నీళ్లే ఇస్తే సైరన్‌ను నమ్మాలా వద్దా అన్న ప్రశ్న ఉండదు. ఆపేటప్పుడు కూడా ఒక్కసారిగా కాక మెట్లుగా ఆపాలి, చేపపిల్లలు పాయలోకి జారుకునే సమయం దొరకాలి. పెంచేటప్పటి కన్నా తగ్గించేటప్పుడు నెమ్మది ఎక్కువ ఉండాలని మేం పట్టుబట్టాం. చేపపిల్లలు చచ్చేది నీళ్లు దిగేటప్పుడే. మూడోది, వారాంతం రెండు రోజులూ నది ఒకే మట్టంలో ఉండాలి. ఎలాగూ ఆ రోజుల్లో వాడకం తక్కువ. అమెరికాలో గ్లెన్ కాన్యన్ ఆనకట్ట దగ్గర 2018 నుంచి కొన్ని ఎండాకాలాలు ఇలా వారాంతపు నిలకడ పాటించి చూశారు. అక్కడ ఉద్దేశం, నీటి అంచున పురుగులు పెట్టే గుడ్లు ఎండిపోకుండా చూడటం. పురుగులుంటే చేపలుంటాయి. మాకు అదనంగా ఇంకో లాభం వచ్చింది. ఆ రెండు రోజులూ మనుషులు భయం లేకుండా నది దాటవచ్చు.

గ్రిడ్‌లో అత్యవసరం వస్తే మెట్లుగా ఎక్కించడం కుదరదని ఇంజనీర్లు చెప్పారు. ఆ మాట నిజం. మినహాయింపు ఇచ్చాం, కానీ ప్రతి మినహాయింపునూ కారణంతో సహా మర్నాడే మూడు రేవుల్లో బోర్డు మీద రాయాలన్నాం. బోర్డు పెట్టిన కొత్తలో మినహాయింపులు తరచూ కనిపించాయి. రాయాల్సి వచ్చాక అరుదైపోయాయి. అత్యవసరాలు తగ్గాయని నేననుకోను. అత్యవసరం అనే మాటకు అర్థం కుదురుకుంది.

పరీక్ష ఎండాకాలంలో సంస్థ పోగొట్టుకున్న విద్యుత్తు చాలా తక్కువ. నీళ్లు పోలేదు, గంటలు కొంచెం అటూ ఇటూ జరిగాయి, అంతే. దాంతో పెద్ద అడుగుకు దారి దొరికింది. విద్యుత్ కేంద్రానికి దిగువన, జనావాసం లేని ఇరుకు చోట ఒక చిన్న సర్దుబాటు ఆనకట్ట. సాయంత్రం వచ్చే పోటును అది పట్టి ఉంచి, ఇరవై నాలుగు గంటలకూ సమానంగా వదులుతుంది. లావోస్‌లో నామ్ తెయున్ 2 ప్రాజెక్టులో ఇలాంటి సర్దుబాటు చెరువు ఉంది. మరో అడ్డుకట్ట అంటే చేపలకు మరో గోడ కదా అని నేను చాలా తటపటాయించాను. పైన ఉన్న పెద్ద గోడను చేపలు ఎలాగూ దాటలేవు, దాని కింది కొద్ది దూరం మాత్రమే కొత్తగా పోతుంది అన్న లెక్కతో ఒప్పుకున్నాను. దాని మీదుగా నీళ్లు నురగలు కక్కుతూ పడేలా కట్టించాం. ఫ్రెంచ్ గయానాలో పెతీ సో ఆనకట్ట దిగువన కూడా ఆక్సిజన్ కోసం ఇలాంటి మెట్టు కట్టారు. టర్బైన్లలోకి గాలి పంపే ఏర్పాటు అంతకు ముందే చేశారు. వాసన తగ్గింది. నీళ్లు ఇప్పటికీ ఉండాల్సినదానికన్నా చల్లగానే ఉంటాయి. దానికి తూము ఎత్తు మార్చాలి, కట్టేశాక అది దాదాపు అయ్యే పని కాదు.

సర్దుబాటు కట్ట పూర్తయ్యేదాకా ఏటా కొంత డబ్బు ఇవ్వాలని కూడా ఒప్పించాం. ఈసారి పట్టా అడగలేదు. ఏ ఏడాది ఎవరికి ఏ మేట వచ్చిందో చీట్లు వేసినవాళ్లందరికీ గుర్తుంది. వాళ్లు ఒకచోట కూర్చుని, ఒకరి మాటను ఇంకొకరు సరిచేస్తూ చెప్పారు. ఆ జాబితాలో దొంగ పేరు పట్టుకోవడానికి మాకు ఏ అధికారీ అవసరం కాలేదు. ఖాతాలు సాగు చేసిన ఆడవాళ్ల పేర్లతోనే తెరిచాం. ఒకేసారి పెద్ద మొత్తం కాకుండా ఏటా ఇవ్వడానికి కారణం ఉంది. దిగువ నష్టం జలాశయం నిండిన రోజున ఆగిపోయేది కాదు, నది మారుతున్నంతకాలం సాగేది.

తిరిగి రానివి

ఇక ఒండ్రు సంగతి. వరద మోసుకొచ్చే మట్టి జలాశయంలో కూర్చుండిపోతోంది. మట్టి లేని నీళ్లకు ఆకలి ఎక్కువ, ఒడ్డునూ అడుగునూ కోసి తీసుకుపోతాయి. ఏటా కొత్త ఒండ్రు పరుచుకునే మేటలు ఇప్పుడు ఉత్త ఇసుక, గులకరాళ్లు. నది అడుగు దిగిన కొద్దీ ఒడ్డు బావుల్లో నీళ్లు కూడా దిగాయి. మంచి వానలు పడి జలాశయం నిండిన ఏళ్లలో గేట్లను ఒక్కసారిగా మూయకుండా వారాల తరబడి మెట్లుగా మూయడానికి సంస్థ ఒప్పుకుంది. అలాంటి ఏళ్లలో మేటలు పాత పద్ధతిలో ఒక్కొక్కటిగా తేలుతున్నాయి, కొంత సాగు అవుతోంది. పశ్చిమ ఆఫ్రికాలో సెనెగల్ నదికి ఎగువ పాయ అయిన బాఫింగ్ మీద 1988లో పూర్తయిన మనన్తాలీ ఆనకట్ట దగ్గర కృత్రిమ వరద వదలాలన్న ఆలోచన కూడా ఇలాంటి సాగు కోసమే. కానీ వానలు తక్కువైన ఏడాది ఇక్కడ ఎవరూ నీళ్లు వదులుకోరు. సరిగ్గా ఆ ఏడాదే ఊళ్లకు ఆ సాగు ఎక్కువ అవసరం.

రెండో రేవులో ఒక పెద్దావిడ నన్ను అడిగింది, నీళ్లు వేళకు వస్తున్నాయి సరే, మట్టి ఎప్పుడు వదులుతారని. అడుగు తూములు పెట్టి వరదలో ఒండ్రును కిందికి పంపే ఏర్పాటు డిజైన్‌లోనే ఉండాల్సింది. లేదు. ఆ మాటే ఆవిడకు చెప్పాను.

ఇప్పుడు నేను మార్చుకున్న పద్ధతి

కొత్త ప్రాజెక్టు పని వస్తే పూర్తి నీటిమట్టం గీత ఉన్న పటంతో పాటు ఇంకో పటం అడుగుతున్నాను. అది ఆనకట్ట దగ్గర మొదలై నది వెంట కిందికి పోతుంది. ఎక్కడ ఆపాలన్నది కిలోమీటర్లతో తేల్చను. ఉపనదులు వచ్చి కలిసి, టర్బైన్ల హెచ్చుతగ్గులు రేవు గుంజ మీద ఒక గాటుకన్నా తక్కువైపోయే చోట ఆపుతాను. ఆ పొడవునా ప్రతి ఊళ్లో ఆడవాళ్లతో విడిగా కూర్చుని, నెలవారీగా నదితో వాళ్లకు ఏం పనో రాసుకుంటాను. ఇళ్లు ఎన్ని మునుగుతాయన్న ప్రశ్నకు అక్కడ జవాబు సున్నా వస్తుంది. నది ఏ నెలలో ఏ మట్టంలో ఉంటే మీకు పని జరుగుతుంది అని అడిగితే పుస్తకం నిండుతుంది.

అనుమతి షరతుల్లో ప్రవాహం గురించి రాసేచోట రోజు సగటు అన్న మాటను ఒప్పుకోవడం లేదు. గంటవారీ లెక్క, పెంచే వేగం, తగ్గించే వేగం ఈ మూడూ అంకెల్లో ఉండాలంటున్నాను. చాలాసార్లు ఈ షరతు తీసేయమని అడుగుతారు. అడిగినప్పుడల్లా గుంజ పుస్తకం గీతనూ ఉత్పత్తి గీతనూ కలిపిన ఆ కాగితం తీసి బల్ల మీద పెడతాను.

రేవుల్లో ఇప్పటికీ గాట్లు రాస్తున్నారు. సర్దుబాటు కట్ట వచ్చాక గీత దాదాపు చదునుగా ఉంది, ఇక మానేయొచ్చని ఎవరో అన్నారట. పడవ మనిషి మానలేదు. కిందటి ఎండాకాలంలో ఒక రాత్రి సర్దుబాటు కట్ట గేటు పాడై నీళ్లు ఒక్కసారిగా పెరిగాయి. సంస్థకు కబురు వెళ్లింది అతని పుస్తకం నుంచే.